అవుననీ కాదు, కాదనీ కాదు

అమెరికా కాలేజీలు డిసెంబర్‌లో పంపే 'డిఫర్డ్' అనే జవాబు విద్యార్థిని మూడున్నర నెలలు గాల్లో వేలాడదీస్తుంది. ఆ వ్యవధిలో అతని చేతిలో ఉండేది కొంతే. ఆ కొంతను వాడుకునే తీరులోనే తేడా.

డిసెంబర్ మధ్యలో ఓ తెల్లవారుజాము, అయిదున్నర గంటలు. అమెరికా తూర్పు తీరంలో అప్పటికి ముందురోజు సాయంత్రం ఏడు. హార్వర్డ్ లాంటి యూనివర్సిటీలు తొలి విడత అడ్మిషన్ల ఫలితాలు బయటపెట్టే వేళ అది. హైదరాబాద్‌లో, విజయవాడలో కొన్ని ఇళ్లలో ఆ పూట అలారంతో పనుండదు. రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టి ఉండదు. పన్నెండో తరగతి కుర్రాడు ల్యాప్‌టాప్ తెరుస్తాడు, కుర్చీ వెనక అమ్మానాన్నా నిలబడతారు. ఉత్తరం చాలా మర్యాదగా ఉంటుంది. ఈసారి ప్రతిభావంతులు ఎక్కువగా దరఖాస్తు చేశారంటుంది, మీ దరఖాస్తును రెగ్యులర్ విడతలో మళ్లీ పరిశీలిస్తామంటుంది. రెండుసార్లు చదివినా తండ్రికి అంతుపట్టదు. ఇంతకీ సీటొచ్చినట్టా, రానట్టా?

రెండూ కాదు. నవంబర్ 1 ప్రాంతంలో గడువు ముగిసే ఎర్లీ దరఖాస్తులకు కాలేజీలు డిసెంబర్‌లో మూడు రకాల జవాబులిస్తాయి. సీటిచ్చాం, ఇవ్వలేం, ఇప్పుడే చెప్పలేం. ఈ మూడోదే డిఫరల్. దరఖాస్తు జనవరిలో వచ్చే కొత్త దరఖాస్తులతో కలిసిపోతుంది. తుది మాట మార్చి ఆఖరులో వస్తుంది. మార్చిలో చెప్పే వెయిట్‌లిస్ట్ వేరు. అది సీట్లు నిండాక మిగిలే ఖాళీల కోసం ఎదురుచూపు. వాయిదా పడిన దరఖాస్తుకైతే ఇంకా పూర్తి పరిశీలన బాకీ ఉంది. అయినా రైల్వే వెయిటింగ్ లిస్టే నయమనిపిస్తుంది. అందులో కనీసం మన నంబరెంతో తెలుస్తుంది.

ఆ ఉత్తరం అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2023 డిసెంబర్‌నే తీసుకుంటే, హార్వర్డ్‌కు తొలి విడతలో 7,921 మంది దరఖాస్తు చేస్తే 692 మందికి సీట్లు దక్కాయి. 80 శాతానికి పైగా విద్యార్థులకు 'డిఫర్డ్' అనే జవాబే వచ్చింది. అదే నెలలో యేల్ వాయిదా వేసింది సుమారు అయిదో వంతు మందిని. మిగతావారిలో ఎక్కువమందికి కాదని అప్పుడే చెప్పేసింది. అంటే యేల్ వాయిదా వేసిందంటే ఆ దరఖాస్తులో ఏదో పట్టుకుందని అర్థం. హార్వర్డ్ వాయిదా వేసిందంటే, అప్పటికప్పుడు తోసిపుచ్చలేదని మాత్రమే. అందువల్ల ఉత్తరం అందగానే తేల్చుకోవాల్సిన సంగతి, ఆ కాలేజీ ఏటా ఎంతమందికి అలాంటి ఉత్తరం రాస్తుందన్నది.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) లెక్క మరీ కళ్లు తెరిపిస్తుంది. ఆ ఏడాదే అక్కడ ఎర్లీకి దరఖాస్తు చేసింది 12,563 మంది. 661 మందికి సీట్లిచ్చి, సుమారు 8,000 మందిని వాయిదాలో పెట్టారు. మార్చికల్లా రెండు విడతల్లో కలిపి ఇచ్చిన సీట్లు 1,300 దాటలేదు. మిగిలిన ఆ 640 సీట్లూ వాయిదా పడినవారికే ఇచ్చేసినా పన్నెండు మందికి ఒకటి చొప్పున రావడం కష్టం. వాటి కోసం రెగ్యులర్ విడతలో మరో 15,000 మందికి పైగా పోటీపడ్డారు. ఆశ వదులుకోమని చెప్పడానికి కాదు ఈ లెక్కలు. డిసెంబర్ చివరి రెండు వారాలను దేనికి ఖర్చు పెట్టాలో తేల్చుకోవడానికి.

ఇక చేయాల్సిన పని. ముందు ఆ ఉత్తరాన్ని, పోర్టల్‌లోని సూచనలను నింపాదిగా చదవాలి. అదనపు సమాచారం ఎలా పంపాలో చాలా కాలేజీలు అక్కడే చెబుతాయి. ఎంఐటీ ఫిబ్రవరిలో ఒక ఫారం నింపమంటుంది. మొదటి అర్ధసంవత్సరం మార్కులు, కొత్త విశేషాలు అందులో రాయాలి. కొన్ని ఒక ఉత్తరం పోర్టల్‌లో పెట్టమంటాయి. ఏమీ పంపొద్దనేవీ ఉన్నాయి. అలా అన్నచోట పంపకపోవడమే మంచిది. చెప్పింది వినిపించుకోని విద్యార్థిగా ఫైల్లో మిగిలిపోవడం వల్ల లాభమేమీ లేదు.

అన్నిటికన్నా బరువైనవి మార్కులే. నవంబర్‌లో దరఖాస్తు చేసేనాటికి పన్నెండో తరగతి మార్కులు దాదాపుగా ఏమీ ఉండవు. వాయిదా వేయడానికి కాలేజీలు చెప్పే కారణాల్లో ఇదొకటి. జనవరి, ఫిబ్రవరుల్లో స్కూలు పంపే మిడ్ ఇయర్ రిపోర్టుతో ఆ లోటు తీరుతుంది. హైదరాబాద్‌లోని ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఈ పని చూడటానికి కౌన్సెలర్ ఉంటారు. ఎంసెట్, జేఈఈల కోసమే పుట్టిన జూనియర్ కాలేజీలో ఆ ఫారం ఏమిటో తెలిసినవారు దొరకడమే గగనం. అక్కడ విద్యార్థే హాఫ్ ఇయర్లీ మార్కుల మెమో పట్టుకుని ప్రిన్సిపాల్ గది బయట నిలబడాలి. సంక్రాంతి సెలవులకు కాలేజీ మూతపడకముందే ఆ పని అయిపోవాలి. సీబీఎస్‌ఈ బోర్డు ఫలితాలు, ఇంటర్ రెండో ఏడాది ఫలితాలు అమెరికా నిర్ణయాల తర్వాతే వస్తాయి. కాబట్టి వాటిమీద ఆశ పెట్టుకోవడం దండగ. అర్ధసంవత్సరం పరీక్షను, ప్రీ ఫైనల్‌ను తేలిగ్గా తీసుకున్నవారు ఇక్కడే దెబ్బతింటారు.

తర్వాతిది ఉత్తరం. మీ కాలేజీలో చేరాలన్న ఆసక్తి తగ్గలేదని చెప్పేది. ఒక పేజీ దాటనక్కర్లేదు. నవంబర్ తర్వాత కొత్తగా ఏం జరిగిందో రాయాలి. సీటిస్తే తప్పకుండా వస్తానని రాయొచ్చు, అది నిజమైతేనే. రెండు కాలేజీలకు అదే మాట రాసే గడుసుదనం వద్దు. కాలేజీ గొప్పతనాన్ని వర్ణించడం, పాత వ్యాసాన్ని తిప్పి రాయడం, నిరాశ వెళ్లబోసుకోవడం వల్ల చదివేవారికి కొత్తగా తెలిసేదేమీ లేదు. అంతకన్నా, తానే చేసిన చిన్న సంగతి మేలు. కొత్తగా చెప్పుకోవడానికి మన విద్యార్థులకు క్యాలెండర్ కూడా కొంత సాయం చేస్తుంది. జాతీయ గణిత ఒలింపియాడ్ పరీక్ష జనవరిలో వస్తుంది. జేఈఈ మెయిన్ తొలి సెషన్ కూడా ఆ నెలలోనే. పర్సంటైల్ బాగుంటే ఓ వాక్యంలో చెప్పొచ్చు. అయితే ఇక్కడ ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టించే ర్యాంకుకు అక్కడ అంత బరువుండదు. వాళ్లు ర్యాంకును బట్టి సీట్లు పంచరు.

మన దగ్గర సిఫార్సు అనే మాటకు వేరే విలువ ఉంది. వాయిదా అనగానే తెలిసిన ఎమ్మెల్యే లెటర్‌హెడ్ గుర్తొస్తుంది, లేదా ఆ యూనివర్సిటీలో పాతికేళ్ల కిందట చదివిన బాబాయి స్నేహితుడు గుర్తొస్తాడు. విద్యార్థిని ఎరగని పెద్దమనిషి రాసిన ఉత్తరం అక్కడ పనికిరాదు. పన్నెండో తరగతిలో పాఠం చెబుతున్న ఫిజిక్స్ లెక్చరర్, కాలేజీ అదనపు ఉత్తరాన్ని అనుమతిస్తే, తాను కళ్లారా చూసింది నాలుగు వాక్యాల్లో రాసిస్తే దానికే విలువ.

డబ్బు సంగతి కొస్తే ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఖరీదైన ప్రైవేట్ యూనివర్సిటీల్లో ఏడాది మొత్తం ఖర్చు ఇప్పుడు 90,000 డాలర్లు దాటింది. మన లెక్కలో 75 లక్షల రూపాయలకు పైమాటే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్, బ్రౌన్ లాంటి కొద్ది సంస్థలు మాత్రమే విదేశీ విద్యార్థి ఆర్థిక సాయం అడిగాడా లేదా అన్నది చూడకుండా సీటు నిర్ణయిస్తామంటాయి. మిగతా చోట్ల చాలావరకు సాయం అడగడం కూడా తూకంలో పడుతుంది. కాబట్టి వాయిదా పడటానికి పిల్లాడిలోని లోపమే కారణమనుకోనక్కర్లేదు. సాయం కింద కాలేజీ పక్కన పెట్టిన సొమ్ము చాలకపోయి ఉండొచ్చు. అలాగని ఇప్పుడు సాయం అక్కర్లేదని చెప్పేసి చేరాక అడుగుదామనుకుంటే ప్రమాదం. విదేశీ విద్యార్థులు మొదట అడగకపోతే తర్వాత ఇవ్వబోమని చాలా కాలేజీల నిబంధన.

ఎర్లీ డెసిషన్ కింద దరఖాస్తు చేసినవారు గమనించాల్సింది మరొకటుంది. అందులో సీటొస్తే చేరి తీరాలన్నది ఒప్పందం. వాయిదా పడితే సాధారణంగా ఆ కట్టు తెగిపోతుంది. మార్చిలో సీటిచ్చినా చేరాలో వద్దో విద్యార్థి ఇష్టం. ఇక్కడే కొత్త ఆకర్షణ ఎదురవుతుంది. షికాగో, వాండర్‌బిల్ట్, ఎమరీ, టఫ్ట్స్, న్యూయార్క్ యూనివర్సిటీ లాంటివి జనవరి మొదట్లో రెండో ఎర్లీ డెసిషన్ విడత నడుపుతాయి. ఫలితం ఫిబ్రవరిలోనే తెలుస్తుంది. అయితే ఇదీ కట్టుబడాల్సిందే. ఇందులో సీటొస్తే, డిసెంబర్‌లో వాయిదా వేసిన కాలేజీ సహా మిగతా దరఖాస్తులన్నీ ఉపసంహరించుకోవాలి. మొదటి దెబ్బ తగిలిన వారంలో, ఎక్కడో ఒకచోట తేలిపోతే చాలన్న ఆరాటంతో చేసే ఎంపిక ఇది. ఆ కాలేజీ నిజంగా నచ్చిందా, ఖర్చు భరించగలమా అన్న రెండు ప్రశ్నలకూ ఇంట్లో అందరూ అవునంటేనే సంతకం పెట్టడం క్షేమం.

నిజానికి డిసెంబర్ 15కూ జనవరి 1కీ మధ్య జరగాల్సిన అసలు పని మిగతా దరఖాస్తులే. ఎర్లీలో వస్తుందిలే అనుకుని వాటిని సగంలో ఆపేసినవారే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఫలితం చూశాక మొదటి రెండు రోజులు ఏమీ రాయలేకపోవడం సహజం. ఆ రెండు రోజులు ఇచ్చేయాలి, ఆ తర్వాత కూర్చోబెట్టాలి. సీట్లిచ్చే అవకాశం బాగా ఉన్న కాలేజీలు జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. బ్రిటన్ యూనివర్సిటీల ఉమ్మడి దరఖాస్తుకు జనవరి దాకా గడువుంటుంది. హైదరాబాద్‌లో అమెరికా ప్రభుత్వ సలహా విభాగం ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ ఉచితంగానే దారి చూపుతుంది. లక్షలు గుంజే కన్సల్టెంటుకు ఈ దశలో కొత్తగా చేయగలిగింది పెద్దగా లేదు.

ఇదంతా జేఈఈ మెయిన్ ముందు రోజుల్లోనే. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన కుర్రాడికి ఒకటి ఆగిపోయిందంటే రెండోది కూడా ఊగుతుంది. పైగా సంక్రాంతి. ఇంటినిండా చుట్టాలు, ఒక్కొక్కరిదీ ఒకే ప్రశ్న. 2023-24లో అమెరికాలో ఉన్న 3.31 లక్షల మంది భారతీయ విద్యార్థుల్లో డిగ్రీ స్థాయిలో చదువుతున్నది 36,000 మందే. ఎమ్మెస్ అడ్మిషన్లు బాగా ఎరిగిన బంధువులకు కూడా ఈ వ్యవహారం తెలియదు. అందుకే పెద్దమ్మకు, మావయ్యకు ఏం చెప్పాలో తల్లిదండ్రులు ముందే అనుకుని ఉంచితే పిల్లాడికి ఆ భారం తప్పుతుంది. ఏప్రిల్‌లో తెలుస్తుంది అన్న ఒక్క ముక్క చాలు.

అమెరికాలోని తెలుగిళ్లలో చుట్టాల తాకిడి తక్కువే గానీ పోలిక తప్పదు. ఎడిసన్‌లోనో, ఫ్రిస్కోలోనో ఒకే వీధిలో అయిదుగురు ఒకే యూనివర్సిటీకి దరఖాస్తు చేసి ఉంటారు. వారికున్న వెసులుబాట్లు వేరు. స్కూల్ కౌన్సెలరే యూనివర్సిటీకి రాసి, దరఖాస్తులో ఏం లోటనిపించిందో కనుక్కోగలరు. అడిగినంత మాత్రాన అందరూ చెబుతారని లేదు. సొంత రాష్ట్రపు యూనివర్సిటీ ఒకటి అండగా ఉంటుంది. టెక్సాస్‌లో స్కూల్లో ముందు వరసలో ఉన్నవారికి ఆస్టిన్ యూనివర్సిటీలో సీటు చట్టప్రకారం ఖాయం. 2026లో చేరేవారికి ఆ వరసను 6 శాతం నుంచి 5 శాతానికి కుదించారు. కానీ ఆ హామీ యూనివర్సిటీకే, కంప్యూటర్ సైన్స్‌కు కాదు. ఈ తేడా తెలిసేది చాలా ఇళ్లలో ఆలస్యంగానే.

ఫిబ్రవరిలో ఉత్తరం, మార్కులు వెళ్లిపోయాక ఇక చేయాల్సిందేమీ ఉండదు. వారానికో మెయిల్ పంపితే ఫైలు ముందుకు జరగదు. అప్పటికి ఇంటర్, సీబీఎస్‌ఈ పరీక్షలు ముంచుకొస్తాయి. ఎంఐటీ మార్చి 14న చెబుతుంది. మిగతా పెద్దవి చాలావరకు ఆ నెలాఖరుకు. అప్పటికి అమెరికాలో గడియారాలు ఓ గంట ముందుకు జరిగి ఉంటాయి. ఈసారి పోర్టల్ తెరిచేది అయిదున్నరకు కాదు, నాలుగున్నరకు. కొందరికి ఆ వారంలోనే బోర్డు పరీక్షలో ఇంకో పేపరుంటుంది.