బోర్డు పోయిందంటే ఏది పోయినట్టు?

భద్రాచలం: అడవి అంచు గ్రామాల నుంచి మోటారు స్టార్టరో, టీవీయో బస్సులో పట్నం మోసుకెళ్తే రైతుకు వినిపించే మాట 'బోర్డు పోయింది'. నాలుగు మాటలు తెలిస్తే ఖర్చు తగ్గవచ్చు.

గాజుపీచు పలకపై పల్చని రాగిరేకు అంటించి, అక్కరలేని రాగిని మందునీటిలో కరిగించివేస్తారు. అదే 'ఎచింగ్'. మిగిలిన రాగి గీత 'ట్రాక్'. కరెంటుకు అదే కాలిబాట. భాగాల కాళ్లు ఆనే రాగిబిళ్ల 'ప్యాడ్'. వాటిని అతికించే తగరపు లోహం 'సోల్డర్'. ఆకుపచ్చ పూత 'మాస్క్'. 1967లో హైదరాబాదులో నెలకొల్పిన ఈసీఐఎల్ టీవీలలోనూ ఇట్టి బోర్డులే ఉండేవి.

ట్రాక్ తెగితే తీగముక్కతో కలపవచ్చు. సోల్డర్ వదిలితే మళ్లీ అతికించవచ్చు. పలకే మాడి బొగ్గయితే మార్చక తప్పదు. కనుక డబ్బు చెల్లించేముందు 'బోర్డులో ఏది పోయింది?' అని అడగడం మంచిది.