ఎముకలకు కొండగుర్తులు

పిల్లలూ! జూలై నెలకు ఎన్ని రోజులు? ఈ ప్రశ్న వెయ్యగానే మీలో చాలామంది పిడికిలి బిగించి, చూపుడువేలి మెటిక దగ్గర ‘జనవరి’ అని మొదలుపెడతారు. మెటిక మీద పడ్డ నెలకు 31 రోజులు. రెండు మెటికల నడుమ పల్లంలో పడ్డ నెలకు 30. ఒక్క ఫిబ్రవరికి మాత్రం 28 గాని, 29 గాని. అట్లా లెక్కపెట్టుకుంటూ పోతే జూలై చిటికెనవేలి మెటిక మీద పడుతుంది. కనక జూలైకి 31 రోజులు.

ఇట్లాంటి ఉపాయాన్నే మనం కొండగుర్తు అంటాం. కొత్త ఊరికి పోయేవాడు దారి పొడుగునా ఉన్న ప్రతి చెట్టునూ, ప్రతి రాయినీ గుర్తు పెట్టుకోలేడు. దూరాన ఉన్న కొండ ఒక్కటి గుర్తుంటే చాలు, దారి తప్పడు. పెద్ద తరగతుల్లో ఛందస్సు చదివేవాళ్ళకు ‘యమాతారాజభానసలగం’ అనే మాట తెలిసే ఉంటుంది. ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే సరి. ఎనిమిది గణాలూ ఆ ఒక్క మాటలో దొరుకుతాయి.

ఇంతకూ మీరు నెలలు లెక్కపెట్టిన ఆ మెటికలు ఏమిటో ఎరుగుదురా? అరచేతిలో ఉండే పొడుగాటి ఎముకల కొసలు అవి. ఆ ఎముకలను కరభాస్థులంటారు. చూశారా! నెలలు నేర్చుకునేటప్పుడే మీరు శరీరశాస్త్రంలో మొదటి పాఠం చేతితో తడిమి చూశారన్నమాట.

మిగతా ఎముకలను కూడా అట్లాగే నేర్చుకోవచ్చు.

లెక్కే ఒక గుర్తు

పెద్దవాళ్ళ శరీరంలో మామూలుగా 206 ఎముకలుంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డకు దాదాపు 300 ఉంటాయి. బిడ్డ ఎదిగేకొద్దీ వాటిలో కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. అందుకే లెక్క తగ్గుతుంది.

206 పేర్లు వల్లె వెయ్యాలంటే ఎవరికైనా గుండె జారుతుంది. కాని మీ చెయ్యి ఒకసారి చాపి చూడండి. భుజం నుంచి మోచేతి దాకా ఒకటే ఎముక. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు. అంటే 3. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్ళలో 14. అంటే 27. మూడూ, ఇరవైయేడూ కలిస్తే 30.

ఇప్పుడు కాలు. తొడలో 1, మోకాటి చిప్ప 1, మోకాటి కింద 2. అంటే 4. మడమా, చీలమండా ఉన్నచోట 7, అరికాలిలో 5, వేళ్ళలో 14. అంటే 26. నాలుగూ, ఇరవైయారూ కలిస్తే మళ్ళీ 30!

చేతికి 30, కాలికి 30. రెండు చేతులకూ రెండు కాళ్ళకూ కలిపి 120. చేతులను మొండేనికి తగిలించడానికి భుజాల దగ్గర ఇటు రెండు, అటు రెండు, వెరసి 4 ఎముకలున్నాయి. మెడ కింద అడ్డంగా చేతికి తగిలేది జత్రుక. వీపు మీద పలకలాగా ఉండేది రెక్క ఎముక. కాళ్ళను తగిలించడానికి తుంటి ఎముకలు 2. మొత్తం 126 అయినవి.

ఇక మిగిలినవి 80. తలలో 22, రెండు చెవుల లోపల మూడేసి చొప్పున 6, గొంతులో 1, వెన్నులో 26, పక్కటెముకలు 24, రొమ్ము మధ్య 1. కాగితం మీద కూడి చూసుకోండి.

మరో వింత. రెండు చేతులూ, రెండు పాదాలూ కలిపి చూస్తే వాటిలోనే 106 ఎముకలున్నాయి. అంటే శరీరంలోని ఎముకల్లో సగానికి పైగా మణికట్లకు అవతలా, చీలమండలకు దిగువనే ఉన్నాయి. సూదిలో దారం ఎక్కించే చేతికీ, ఎగుడు దిగుడు నేల మీద నడిచే పాదానికీ చిన్న చిన్న ఎముకలు చాలా ఉంటేనే గాని పని సాగదు.

వారం, ఏడాది, చెయ్యి

వెన్నుపూసల లెక్క పిల్లలను తికమక పెడుతుంది. మెడలో 7, వీపులో 12, నడుములో 5. వీటికి మీ ఇంట్లోనే ఉన్న గుర్తులు చాలు. వారానికి 7 రోజులు. ఏడాదికి 12 నెలలు. చేతికి 5 వేళ్ళు. ‘వారం, ఏడాది, చెయ్యి’ అనుకుంటూ మెడ నుంచి నడుము దాకా దిగిరండి. 24 పూసలు వస్తాయి. వాటి కింద అయిదు పూసలు కలిసి ఒకటైన త్రికం, దాని కొసన చిన్న తోక ఎముక. మొత్తం 26.

వీపులోని 12 పూసల్లో ఒక్కొక్కదానికీ ఒక జత పక్కటెముకలు. కనక 12 జతలు, 24 పక్కటెముకలు. ఒక లెక్క తెలిస్తే రెండోది దానంతటదే వచ్చిందా లేదా? ఇంకో మాట: అంత పొడుగు మెడ ఉన్న జిరాఫీకి కూడా మెడలో 7 పూసలే! ఒక్కొక్క పూసే పొడుగు.

ఇప్పుడు ముంజేతి సంగతి. అక్కడ ఉన్న రెండు ఎముకల పేర్లు రత్ని, అరత్ని. ఏది ఏదో తేల్చుకోలేక పరీక్షలో తారుమారుగా రాసినవాళ్ళు నా బడిలో ఏటా ఉండేవాళ్ళు. మీరు అట్లా రాయనక్కర్లేదు. బల్ల మీద మోచెయ్యి ఆనించండి. బల్లకు ఆనే ఎముక అరత్ని. ‘ఆనేది అరత్ని’ అనుకోండి. ఇప్పుడు అరచేతిని పైకి పెట్టి, నెమ్మదిగా కిందికి తిప్పండి. రెండో చేత్తో ముంజేతిని పట్టుకుని చూడండి. బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా అడ్డంగా తిరుగుతున్నట్టు తెలుస్తుంది. అదే రత్ని. ‘రత్ని రాట్నంలా తిరుగుతుంది.’ ఇక ఈ రెండూ తారుమారు కావు.

కాలిలో అంత కష్టం కూడా లేదు. పేరులోనే గుర్తు ఉంది. లోపలి వైపు ఉన్నది అంతర్జంఘిక, బయటి వైపు ఉన్నది బహిర్జంఘిక. చీలమండకు రెండు పక్కలా తగిలే బుడిపెలు ఈ రెండు ఎముకల కొసలే.

పడవ మీద బఠాణీలు

అన్నిటికన్నా కష్టమైనవి మణికట్టులోని ఎనిమిది ఎముకలు. అవి రెండు వరుసల్లో, వరుసకు నాలుగేసి ఉంటాయి. వాటి పేర్లు గ్రీకు, లాటిన్ మాటల నుంచి వచ్చాయి. ముంజేతి వైపు వరుసలో బొటనవేలి దిక్కు నుంచి: స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రల్, పిసిఫార్మ్. వేళ్ళ వైపు వరుసలో, మళ్ళీ బొటనవేలి దిక్కు నుంచే: ట్రపీజియం, ట్రపెజాయిడ్, కాపిటేట్, హామేట్.

నోరు తిరగడం లేదు కదూ? వైద్యవిద్యార్థులు కూడా మొదటి అక్షరాలతో ఏదో ఒక వాక్యం అల్లుకుని వీటిని గుర్తు పెట్టుకుంటారు. మనం ఆ పేర్ల అర్థాలతోనే ఒక చిన్న కథ అల్లుదాం.

ఒక పిల్లవాడు పడవ ఎక్కాడు. ఆకాశంలో నెలవంకను చూశాడు. మూడు మూలల పొట్లం విప్పాడు. అందులోని బఠాణీలు తిన్నాడు. ఇల్లు చేరాడు. పెద్ద బల్ల ఉంది. దాని పక్కన చిన్న బల్ల ఉంది. నిద్ర వచ్చి తల వాల్చాడు. అతని చొక్కా కొక్కేనికి వేళ్ళాడుతున్నది.

పడవ స్కాఫాయిడ్. నెలవంక లూనేట్. మూడు మూలలది ట్రైక్వెట్రల్. బఠాణీ పిసిఫార్మ్. బల్ల ట్రపీజియం, బల్లలాంటిది ట్రపెజాయిడ్. తల కాపిటేట్. కొక్కెం హామేట్. పేరు పెట్టినవాళ్ళు ఆ ఎముకల ఆకారం చూసే పెట్టారు. కనక కథ గుర్తుంటే పేరే కాదు, ఆకారం కూడా గుర్తుంటుంది. కాని ఒక్కటి మరవకండి: పడవ ఎప్పుడూ బొటనవేలి రేవు నుంచే బయలుదేరాలి. చిటికెనవేలి నుంచి బయలుదేరితే పేర్లు వచ్చినా చోట్లు తప్పుతాయి.

ఇప్పుడు బఠాణీని చేతితో వెతకండి. అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టు మడత మీద చిటికెనవేలికి సూటిగా నొక్కితే చిన్న గుండ్రని ఎముక తగులుతుంది. తరవాత బొటనవేలిని గట్టిగా వెనక్కు చాపండి. దాని మొదట్లో రెండు తాళ్ళలాంటివి లేచి, నడుమ ఒక గుంట పడుతుంది. వెనకటి రోజుల్లో నస్యం పీల్చేవాళ్ళు ఆ గుంటలో నస్యం పోసుకునేవారు. అందుకే ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి నస్యపు డబ్బీ అనే పేరు వచ్చింది! ఆ గుంట అడుగునే మన పడవ ఉంది.

ఇది వట్టి వినోదం కాదు. ఆటల్లో ముందుకు పడేవాడు చెయ్యి నేలకు ఆనిస్తాడు. అప్పుడు తరచుగా విరిగేది ఈ పడవ ఎముకే. పైకి పెద్ద వాపు కనిపించదు. బెణికిందేమోనని ఇంట్లో నూనె రాసి పట్టు వేస్తారు. మొదటిరోజు తీసిన ఎక్స్‌రేలో కూడా కొన్నిసార్లు విరుగుడు కనిపించదు. కాని ఆ ఎముకకు నెత్తురు ముఖ్యంగా ఒక కొస నుంచే అందుతుంది. నిర్లక్ష్యం చేస్తే విరిగిన ముక్క అతుక్కోక చెడిపోవచ్చు. అందుకే డాక్టరు ఆ గుంటలో వేలితో నొక్కి చూస్తాడు. అక్కడ నొప్పి ఉంటే ఎక్స్‌రే బాగానే ఉన్నా జాగ్రత్త పడతాడు. చూశారా, ఎముక పేరూ, చోటూ తెలిసి ఉండడం ఒక మనిషి చేతిని ఎట్లా కాపాడుతుందో! పడిన తరవాత అక్కడ నొప్పి ఉంటే మీరు కూడా మర్దన చేయించుకోక వైద్యుడికి చూపించండి.

చూడకుండా వల్లె వేస్తే?

రెండో శతాబ్దంలో రోము నగరంలో గాలెన్ అనే గొప్ప వైద్యుడు ఉండేవాడు. ఆయన ఎక్కువగా కోతుల వంటి జంతువుల శరీరాలను కోసి చూసి పుస్తకాలు రాశాడు. మనిషి కింది దవడ రెండు ఎముకలని ఆయన రాస్తే, తరవాతివాళ్ళు అట్లాగే కంఠతా పట్టారు. దాదాపు 1300 ఏళ్ళు ఆ పాఠమే సాగింది. వెసాలియస్ అనే యువకుడు మనిషి శరీరాన్నే స్వయంగా పరీక్షించి, పెద్దవాళ్ళలో ఆ దవడ ఒకటే ఎముక అని చెప్పాడు. 1543లో ఆయన అచ్చువేసిన గ్రంథంలోని బొమ్మలు చూసి లోకం ఆశ్చర్యపోయింది. జ్ఞాపకశక్తికి లోటు లేదు గాని, ఇన్నాళ్ళూ లోటయింది చూపు!

మన దేశంలో సుశ్రుతుడు ఈ సంగతి అంతకన్నా ఎంతో ముందే ఎరుగును. శరీరాన్ని గడ్డితో చుట్టి, ప్రవాహంలో ఏడు రాత్రులు ఉంచి, తరవాత వట్టివేరు, వెదురు వంటి కుంచెలతో మెల్లగా రుద్దుతూ ఒక్కొక్క పొరే కంటితో చూడాలని సుశ్రుతసంహిత చెబుతుంది. అందులో ఎముకల లెక్క 300. పళ్ళను, మెత్తని మృదులాస్థులను కూడా అందులో కలిపారు. ఆకారాన్ని బట్టి ఎముకలను అయిదు రకాలుగా విడదీశారు. అదీ ఒక కొండగుర్తే.

తరవాతి కాలంలో ఎన్నో సాధనాలు వచ్చాయి. ఫ్రాన్సులో ఓజూ అనే వైద్యుడు 1820ల్లో కాగితపు గుజ్జుతో, ముక్కలు ముక్కలుగా ఊడదీసి మళ్ళీ అమర్చగల మనిషి బొమ్మలు చేశాడు. 1858లో లండనులో హెన్రీ గ్రే రాసిన ప్రసిద్ధ గ్రంథం వెలువడింది. దానికి బొమ్మలు వేసిన హెన్రీ కార్టర్ ప్రతి భాగం పేరునూ ఆ భాగం మీదనే రాశాడు. పేరు ఒకచోట, వస్తువు మరొకచోట లేకపోవడంతో చదివేవారికి ఎంతో సుళువైంది. ఆ కార్టర్ తరవాత బొంబాయికి వచ్చి గ్రాంట్ వైద్యకళాశాలలో పాఠాలు చెప్పాడు.

మీరు చేసుకోగల సాధనాలు

పాత శుభలేఖల అట్టలు చేతి ఎముకల్లాగా కత్తిరించి, దారపు ముడులతో కలపండి. మణికట్టుకు ఎనిమిది బంకమట్టి ఉండలు చేసి, పిసిఫార్మ్ చోట నిజమైన బఠాణీ పెట్టండి. మిగిలిన అట్టముక్కల మీద ఒకవైపు బొమ్మ, రెండోవైపు పేరు రాసుకోండి. ఒకటి గుర్తుంచుకోండి: పుస్తకంలోని మనిషి మీకు ఎదురుగా నిలబడి ఉంటాడు. కనక అతని కుడిచెయ్యి మీకు ఎడమవైపున ఉంటుంది.

తరవాత పుస్తకం మూసి, పలక మీద చూడకుండా బొమ్మ వేయండి. తప్పిన చోటే మళ్ళీ చదవండి. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే పండితుడు తన మీద తానే పరీక్షలు చేసుకుని 1885లో ఒక పుస్తకం ప్రకటించాడు. నేర్చినదాన్ని మొదట్లో త్వరత్వరగా మరిచిపోతామనీ, తరవాత మరుపు నెమ్మదిస్తుందనీ, ఒక్క రోజే గంటలకొద్దీ వల్లించేకన్నా రోజులు ఎడం ఇచ్చి తిరగేస్తే మేలనీ ఆయన చూపించాడు. కనక రేపొకసారి, మూడురోజులకు ఒకసారి, వారానికి ఒకసారి అట్టముక్కలు తిరగెయ్యండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు ఎముకల పేర్లు గడగడా అప్పజెప్పగానే సంతోషించి ఊరుకోకండి. ‘ఏదీ, నీ ఒంటిమీద చూపించు’ అని అడగండి. చూపించగలిగితే చదువు వచ్చినట్టు. ఈనాటి శస్త్రవైద్యులు కూడా వట్టి జ్ఞాపకాన్ని నమ్ముకోరు. ఆపరేషనుకు ముందు ఏ చెయ్యో, ఏ కాలో సిరాతో గుర్తు పెట్టారా అని సరిచూసుకోవాలని 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక జాబితా తయారుచేసి ఇచ్చింది.

పిల్లలూ, ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టి జవాబు చెప్పండి. రాట్నంలా తిరిగే ఎముక ఏది? వారం, ఏడాది, చెయ్యి అంటే ఏమిటి? పడవ ఏ రేవు నుంచి బయలుదేరింది? మూడూ చెప్పగలిగితే, మీ చెల్లెలికో తమ్ముడికో నేర్పండి. ఒకరికి నేర్పిన చదువు మరి మరవదు.