రెండు వేల కేలరీలు ఎవరికి?

బిస్కెట్ ప్యాకెట్ వెనక పోషకాల పట్టిక కింద సన్నటి అక్షరాల్లో ఒక అంకె కనిపిస్తుంది: రోజుకు 2000 కిలో కేలరీలు. లేబుళ్ళ కోసం ప్రభుత్వ నిబంధనల్లో పెట్టిన కొలమానం అది. పొద్దంతా వంగి నాట్లు వేసే మనిషికీ, పొద్దంతా కుర్చీ దిగని మనిషికీ ఒకటే అంకె. లేబుల్‌కు ఏదో ఒక అంకె ఉండాలి గనుక సరే. మన కంచానికి మాత్రం అది పనికిరాదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క దీనికన్నా నయం. 65 కిలోల మగవాడికి కూర్చుని చేసే పనైతే 2110, ఓ మోస్తరు శ్రమైతే 2710, కాయకష్టమైతే 3470 కిలో కేలరీలు కావాలని చెప్పింది. 55 కిలోల స్త్రీకి వరుసగా 1660, 2130, 2720. గర్భిణికి వీటిపై మరో 350; పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ మరో 600. బరువు ఒకటే అయినా, చేసే పనిని బట్టి మగవాడి అవసరంలో 1360 తేడా వచ్చింది చూడండి.

మీ అంకె మీరే కట్టుకోవాలంటే ముందు విశ్రాంతి ఖర్చు తెలియాలి. కదలకుండా పడుకున్నా గుండె, కాలేయం, మెదడు పని మానవు. శరీర బరువులో రెండు శాతమే ఉండే మెదడు ఈ ఖర్చులో దాదాపు ఐదో వంతు లాగేసుకుంటుంది. పీల్చిన ఆక్సిజన్‌నూ, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నూ కొలిచి హారిస్, బెనెడిక్ట్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1919లో దీనికి సూత్రం కట్టారు. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 1990 నాటి మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలపాలి. వయసును 5తో గుణించి అందులోంచి తీసేయాలి. మగవారు చివర 5 కలుపుకోవాలి, ఆడవారు 161 తీసేయాలి.

60 కిలోల బరువు, 155 సెంటీమీటర్ల ఎత్తు, 40 ఏళ్ళ వయసు ఉన్న బ్యాంకు ఉద్యోగినిని తీసుకుందాం. 600కు 969 కలిపి, 200, 161 తీసేస్తే 1208. అయితే ఇది అమెరికా వాళ్ళను కొలిచి కట్టిన సూత్రం. అదే బరువుకు మనలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ కాబట్టి, మనకు ఇది కాస్త ఎక్కువే చూపించవచ్చు.

ఇంతవరకూ పెద్ద పొరపాటు జరగదు. చాలామంది తమను తాము మోసం చేసుకునేది ఆ తర్వాతే. ఈ 1208ని శ్రమను బట్టి హెచ్చించాలి: కూర్చునే పనికి 1.4, మోస్తరు శ్రమకు 1.8, కాయకష్టానికి 2.3. ఉదయం అరగంట నడిచి వచ్చామన్న ధైర్యంతో మన ఉద్యోగిని 1.8 పెట్టుకుంటే లెక్క 2174కు పోతుంది. నిజానికి ఆమెకు తగినది 1.4, అంటే 1691. ఆ అరగంట నడకకు, కూర్చుని ఉంటే అయ్యే ఖర్చుపైన, అదనంగా కరిగేది 75 కిలో కేలరీల దాకానే. పెసరట్టు చుట్టూ తిప్పి పోసే నూనె పది గ్రాములైతే అందులోనే 90 ఉన్నాయి! నడక వద్దనడం లేదు. గుండెకూ, చక్కెర అదుపుకూ అది మంచిదే. ఆ పేరుతో రెండో అట్టు వేసుకోవద్దనే చెప్పడం. 1.8 నిజంగా వర్తించేది తెల్లవారింది మొదలు నాలుగిళ్ళలో అంట్లు తోమి, ఇళ్ళు తుడిచే ఆవిడకు. ఆమె కేలరీల సంగతి ఎవరూ అడగరు.

నలభై దాటాక ఒంట్లో ఖర్చు తగ్గిపోతుందన్న మాటా నిలవలేదు. 6400 మందికి పైగా కొలతలతో 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇరవై నుంచి అరవై దాకా ఈ ఖర్చు నిలకడగానే ఉంటుంది. తగ్గేది అరవై తర్వాతే, అదీ నెమ్మదిగా.

సూత్రం చెప్పిన అంకెతో మొదలుపెట్టి నెల రోజులు గమనించండి. వారానికోసారి, ఉదయం పరగడుపున, అదే కాటాపై తూగండి. బరువు కదలకపోతే మీ అంకె అదే. పెరుగుతుంటే అన్నం, నూనె కొంచెం తగ్గించి మళ్ళీ చూడండి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా తిండి తగ్గించవద్దు.