పట్టణ వాడలు, నమోదైన నేరాలు: అంకెలను చదివే పద్ధతి

ప్రతి సంవత్సరం డిసెంబరు చివరి వారంలో జిల్లా పోలీసు అధికారులు వార్షిక నేర నివేదికను విడుదల చేస్తారు. మరునాడు పత్రికల జిల్లా పేజీల్లో 'నేరాలు తగ్గాయి' అనో, 'దొంగతనాలు పెరిగాయి' అనో శీర్షిక వస్తుంది. ఇటువంటి శీర్షిక చదివినప్పుడు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: పెరిగింది నేరమా, నేరాల నమోదా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలను ఆధారంగా తీసుకుని ఈ భేదాన్ని పరిశీలిద్దాం.

ఒక సంఘటన అంకెగా మారాలంటే కొన్ని మెట్లు దాటాలి. బాధితుడు దానిని నేరంగా గుర్తించాలి, ఠాణాకు వెళ్లాలి, అక్కడ ఎఫ్.ఐ.ఆర్. నమోదు కావాలి. కాగ్నిజబుల్ నేర సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లో స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ నమోదు విధానాన్ని తెలుపుతుంది. ఈ మెట్లలో ఎక్కడ ఆగిపోయినా ఆ నేరం లెక్కలోకి రాదు. ఇలా లెక్కకు అందని భాగాన్ని నేరశాస్త్రవేత్తలు 'చీకటి అంకె' అంటారు. లెక్కలోకి వచ్చినవాటికీ ఒక నియమం ఉంది. ఒకే ఎఫ్.ఐ.ఆర్.లో దోపిడీ, హత్య రెండూ ఉంటే జాతీయ నేర నమోదు సంస్థ దానిని హత్యగా మాత్రమే లెక్కిస్తుంది. ఆ దోపిడీ పట్టికలో కనిపించదు.

చీకటి అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఈ ప్రాంతపు గల్ఫ్ వలసను చూడాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పరిసరాల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ వెళ్లినవారు లేని ఊరు అరుదు. 1983 నాటి వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపడం నేరం. అయినా ఊళ్లో వీసా ఇప్పిస్తానని వచ్చే వ్యక్తి సాధారణంగా పరాయివాడు కాడు. మేనమామ కొడుకో, పక్కింటివాడో, ఇదివరకు అక్కడ పని చేసి వచ్చినవాడో అయి ఉంటాడు. వీసా నకిలీదని తేలినప్పుడు బాధితుడికి కావలసింది అతడి జైలు శిక్ష కాదు, మిత్తికి తెచ్చి కట్టిన డబ్బు. అందుకే ముందు పెద్దమనుషుల పంచాయితీ జరుగుతుంది. సగం డబ్బు చేతికి వస్తే ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. పంచాయితీ విఫలమైతేనే మోసం కేసు అవుతుంది. విదేశం వెళ్లాక మోసం బయటపడితే, ఆ మనిషి తిరిగి వచ్చాకే ఫిర్యాదు చేస్తాడు. కాబట్టి ఒక ఏడాది మోసం కేసులు హఠాత్తుగా పెరిగితే, ఆ ఏడాది మోసాలు పెరిగాయనుకోవద్దు. పాత మోసాల బాధితులు ఇంటికి చేరిన సంవత్సరం అది కావచ్చు.

వలసకు ఇంకొక ముఖం తాళం వేసిన ఇల్లు. యజమాని గల్ఫ్‌లో, కుటుంబం పిల్లల చదువుకు కరీంనగర్‌లో ఉంటే, ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. ఇలాంటి కొత్త కాలనీలో చోరీ కేసులు ఎక్కువగా కనిపిస్తే, దొంగలు ఆ కాలనీలో నివసిస్తున్నారని అర్థం కాదు. ఈ చిన్న విషయాన్నే చాలా మంది తారుమారు చేసి చదువుతారు.

సిరిసిల్ల మరొక రకం పాఠం చెబుతుంది. మరమగ్గాలను అక్కడి కార్మికులు సాంచాలు అంటారు. నూలు ధర, కరెంటు బిల్లు, ఆగిపోయిన ఆర్డర్లు, పెరిగిన అప్పుల మధ్య 1990ల చివరి నుంచి ఆ పట్టణం నేత కార్మికుల ఆత్మహత్యలకు పేరుపడింది. ఈ మరణాలు నేర పట్టికలో వెతికితే దొరకవు. అనుమానాస్పద, అసహజ మరణాలను పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ కింద, ఇప్పుడు కొత్త సంహిత 194వ సెక్షన్ కింద విచారణ కోసం నమోదు చేస్తారు. ప్రేరేపణ ఉందని ఆరోపణ వస్తేనే అది నేరమవుతుంది. ఆత్మహత్యల అంకెలు 'ప్రమాద మరణాలు, ఆత్మహత్యలు' అనే వేరే వార్షిక నివేదికలో చేరతాయి. అంటే నేర నివేదిక ప్రకారం ప్రశాంతంగా కనిపించే వాడలోనే అతి పెద్ద ప్రాణనష్టం జరిగి ఉండవచ్చు. ఒక పట్టణపు భద్రతను నేరాల సంఖ్యతో మాత్రమే కొలవడం నా దృష్టిలో ఈ కారణంగానే తప్పు.

ఇక హారం సంగతి. నేర రేటు అంటే సాధారణంగా లక్ష జనాభాకు ఎన్ని నేరాలో చెప్పే సంఖ్య. రెండు వాడలను ఊహించుకోండి. మొదటిది బస్టాండు పక్కన ఉంది. అక్కడ 4,000 మంది నివసిస్తారు, ఏడాదిలో 20 దొంగతనాలు నమోదయ్యాయి. రేటు లక్షకు 500. రెండవ వాడలో 10,000 మంది, 30 దొంగతనాలు. రేటు లక్షకు 300. మొదటి వాడ ప్రమాదకరమని తీర్పు చెప్పే ముందు, బస్టాండుకు రోజూ 16,000 మంది బయటివారు వస్తారనుకోండి. హారం 20,000 అవుతుంది, రేటు 100కు పడిపోతుంది. వేములవాడ రాజన్న గుడి పరిసరాలకు నివాస జనాభాతో రేటు కడితే ఇదే చిక్కు వస్తుంది. శివరాత్రి నాటి జనం ఏ వార్డు జనాభాలోనూ ఉండరు. పైగా 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడటంతో 2011 అంకెలే చాలాకాలం హారంగా కొనసాగాయి.

కాలంతో పోల్చేటప్పుడు సరిహద్దులు కూడా చూడాలి. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకు ముందరి జిల్లా అంకెలు ఉమ్మడి కరీంనగర్‌వి.

కొన్ని కేసులు పోలీసుల పనిని బట్టి పుడతాయి. పేకాట, మద్యం తాగి వాహనం నడపడం, పత్రాలు లేని బండ్లు ఇటువంటివి. వెతికితే దొరుకుతాయి, వెతకకపోతే ఉండవు. నిర్బంధ తనిఖీలు ఎక్కువగా పేదల కాలనీల్లో జరిగితే కేసులూ అక్కడే ఎక్కువగా తేలతాయి. ఆ అంకెలు చూపి మళ్లీ అక్కడే తనిఖీ చేస్తారు. ఇంతలో ఆ వాడ పేరు చెబితే అద్దెకు గది దొరకని పరిస్థితి వస్తుంది. చరిత్రలోకి వెళితే, రైతు కూలీల పోరాటాల నేపథ్యంలో 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆనాటి కేసుల పుస్తకాలు చదివేవారు కూలీల ప్రవర్తనతోపాటు ప్రభుత్వ నిర్ణయాన్ని కూడా చదవవలసి ఉంటుంది.

వాడలను బట్టి నేరాన్ని అధ్యయనం చేయడం కొత్త కాదు. ఫ్రాన్సులో గెర్రీ 1833లోనే నేర పటాలు ప్రచురించాడు. చికాగోలో షా, మెకే 1942లో వెలువరించిన గ్రంథం ఒక ముఖ్య విషయం చూపింది: కొన్ని పేటల్లో నివసించే జాతులు మారిపోయినా బాలనేరాల స్థాయి ఎక్కువగానే కొనసాగింది. అంటే కారణాన్ని మనుషుల పుట్టుకలో కాక ఆ చోటి పరిస్థితుల్లో వెతకాలి. వాడ సగటును పట్టుకుని అందులోని ఒక వ్యక్తి గురించి నిర్ణయానికి రావడాన్ని 'సమూహ దోషం' అనవచ్చు.

అభ్యాసం: మీ పట్టణంలో గత ఏడాది నేర నివేదికపై వచ్చిన ఒక పత్రికా వార్త తీసుకోండి. అందులోని ఏ అంకె బాధితుల ఫిర్యాదుతో, ఏ అంకె పోలీసుల తనిఖీతో పుట్టిందో రెండు వరుసల్లో రాయండి. ఏ హారం వాడారో గుర్తించండి. వార్తలో హారం ఇవ్వకపోతే, సరైన హారం ఏది కావాలో పది వాక్యాల్లో వివరించండి.