ఒడ్డెక్కిన పడవకు షరతులెక్కువ

కెనడాలో సరదా పడవకు బీమా చేయించి తీరాలన్న చట్టం లేదు. కారు రోడ్డెక్కాలంటే పాలసీ ఉండాలి. పడవకైతే, మోటారు 10 హార్స్‌పవర్‌కు చేరితే ట్రాన్స్‌పోర్ట్ కెనడా లైసెన్సు అడుగుతుంది, అంతే. అక్టోబరులో సిమ్కో, మస్కోకా సరస్సుల మీద చలి ముదిరి, పడవను క్రేనుతో ఎత్తి యార్డులో పెట్టాల్సి వచ్చినప్పుడు అసలు కథ మొదలవుతుంది. పది లక్షల డాలర్లకో, ఇరవై లక్షలకో థర్డ్ పార్టీ బీమా చూపిస్తేనే చోటిస్తామనే యార్డులు చాలా ఉన్నాయి. పడవ కొనడానికి అప్పిచ్చిన బ్యాంకుకు ఆ పడవే తాకట్టు కాబట్టి అదీ కాగితం అడుగుతుంది. నడవని పడవకు బీమా దేనికని యజమాని విసుక్కోవడం సహజమే. కానీ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబెట్టిన వరుసలో ఒక పడవ బ్యాటరీ చార్జరు అంటుకుంటే ఆ మంట పక్కవాటినీ వదలదు. కాబట్టి యార్డువాళ్ల పట్టుదలలో న్యాయముంది. నాకు పేచీ ఉన్నది పాలసీలోని లే-అప్ షరతుతో.

ఆ షరతు సారాంశం ఇది: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, సాధారణంగా నవంబరు నుంచి ఏప్రిల్ వరకు, పడవ వాడకంలో ఉండదని యజమాని మాటిస్తాడు, బదులుగా ప్రీమియం తగ్గుతుంది. ఒడ్డున ఉంచుతానన్నాడా, నీళ్లలోనే కట్టి ఉంచుతానన్నాడా అన్నది కూడా పాలసీలో ఉంటుంది. సముద్రం గడ్డకట్టని వాంకూవర్ వైపు ఈ తేడాకు చాలా విలువ. ఒంటారియోలో అసలు శత్రువు గడ్డకట్టే నీరు. గడ్డకట్టేటప్పుడు నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఇంజన్‌లో గ్లాసుడు నీళ్లు మిగిలినా బ్లాకు పగిలిపోవచ్చు. అందుకే చాలా పాలసీలు నీరు గడ్డకట్టడం వల్ల కలిగే నష్టాన్ని ముందే మినహాయిస్తాయి, లేదా ఇంజన్ ఖాళీ చేసి యాంటీఫ్రీజ్ పోయించిన బిల్లు అడుగుతాయి. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు, ఆ జాగ్రత్తకూ ఆ నష్టానికీ నేరుగా సంబంధముంది.

సంబంధం లేనిచోట ఏం జరుగుతుందన్నదే ప్రశ్న. దానికి జవాబు వెతికితే ఒక తీర్పు దొరుకుతుంది: 1983లో కెనడా సుప్రీంకోర్టు చెప్పిన ‘బామ్‌సెల్ 2’ కేసు. బామ్‌సెల్ 2 అన్నది బ్రిటిష్ కొలంబియాలో ఒక పరిశోధన సంస్థ వాడుకోవడానికి మార్పులు చేయించుకున్న బార్జి. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా, ప్రతి రాత్రీ, బార్జి మీద కాపలాదారు ఉంటాడని పాలసీలో వారంటీ రాసుకున్నారు. అంటే యజమాని బీమా కంపెనీకి ఇచ్చిన మాట. కాపలాదారును పెట్టలేదు. బార్జి మునిగింది. అయితే మునిగింది మధ్యాహ్నం పూట, ఒక ఉద్యోగి డెక్కు మీది వాల్వు మూయకుండా వదిలేయడం వల్ల! మాట తప్పారు కనుక ఏ గంటకు మునిగినా పైసా ఇవ్వక్కర్లేదని కంపెనీలు వాదించాయి. నిర్లక్ష్యం వల్ల మునగడం సముద్ర ప్రమాదమే కాదని కూడా అన్నాయి. కోర్టు రెండూ ఒప్పుకోలేదు. కాగితం మీద వారంటీ అని ఉన్నా అది రిస్కుకు గీసిన హద్దు మాత్రమేననీ, కాపలా లేని రాత్రివేళ మునిగితే కంపెనీకి బాధ్యత లేదనీ, పగలు మునిగింది కాబట్టి డబ్బు కట్టాల్సిందేననీ తేల్చింది. రాత్రి కాపలాదారు ఉన్నంత మాత్రాన పగటి వాల్వు మూసుకోదు కదా!

ఇదే తర్కాన్ని లే-అప్‌కు పెట్టి చూడండి. నవంబరు 1కి ఒడ్డెక్కాల్సిన పడవ, క్రేను దొరక్క 5న ఎక్కిందనుకుందాం. ఫిబ్రవరిలో మంచు బరువుకు షెడ్డు కప్పు కూలి పడవ నుజ్జయింది. బామ్‌సెల్ పద్ధతిలో ఆ నాలుగు రోజులకే రక్షణ ఉండదు, ఫిబ్రవరి నష్టానికి పరిహారం అందుతుంది. అదే షరతును కోర్టు అసలు సిసలు వారంటీగా చదివితే మాట తప్పిన రోజునే కంపెనీ బాధ్యత తీరిపోతుంది. తర్వాత సరిదిద్దుకున్నామన్నా చెల్లదు.

చరిత్ర రెండు ముక్కల్లో: ఈ కఠిన సూత్రం 1906 నాటి బ్రిటిష్ మెరైన్ ఇన్సూరెన్స్ చట్టానిది. సముద్ర బీమా కేంద్రం పరిధిలోదని 1983లోనే ట్రిగ్లావ్ కేసులో తేలింది. పదేళ్లకు, 1993లో, కెనడా పార్లమెంటు తన చట్టంలో పాత సూత్రాన్నే రాసుకుంది. దాన్ని పుట్టించిన బ్రిటన్ మాత్రం 2015 చట్టంతో వదిలించుకుంది.

ప్రీమియం తగ్గించినప్పుడు మాట మీద నిలబడమనడం తప్పా అని కంపెనీలు అడగవచ్చు. తప్పు కాదు. మాట తప్పినన్నాళ్లూ రక్షణ ఆపేయడం ఆ ధరకు సరిపడే శిక్ష. చలికాలమంతటి రక్షణనూ రద్దు చేయడం తగ్గించిన ధరకు ఎన్నో రెట్లు వసూలు చేయడమే. కోర్టులు ఎలాగూ మెత్తగా చదువుతున్నాయి, చట్టం మార్చడమెందుకన్నది మరో వాదన. బామ్‌సెల్ యజమానులు ఆ మెత్తదనం కోసం సుప్రీంకోర్టు దాకా నడవాల్సి వచ్చింది, చిన్న పడవవాడికి అంత ఓపిక ఎక్కడిది? పైగా తీర్పు ఆ ఒక్క షరతు మాటల మీద నిలబడింది, రేపటి పాలసీని ఇంకా గట్టిగా రాయకుండా అదేమీ ఆపదు. ఆచరణలో కంపెనీలు అంత నిర్దయగా ఉండవంటారా? దయకు రసీదు ఉండదు. చట్టం మారేదాకా, క్రేను ఆలస్యమవుతుందని తెలిసిన రోజునే బ్రోకర్‌తో గడువు పొడిగింపు రాతపూర్వకంగా తీసుకోవడమొక్కటే దారి.

వదిలేస్తే...
2019లో అమల్లోకి వచ్చిన కెనడా చట్టం ప్రకారం పడవను ఎక్కడపడితే అక్కడ వదిలేయడం నేరం. శిథిలాల తొలగింపుకు బీమా తప్పనిసరి చేసింది మాత్రం 300 టన్నులు, అంతకు మించిన ఓడలకే. చిన్న పడవ యజమాని ఆ ఖర్చు సొంత జేబులోంచి భరించాలి.

విశాఖలో...
2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కట్టి ఉంచిన బోట్లు సుమారు 40 కాలిపోయాయి. బోటు విలువలో 80 శాతం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇస్తుందని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధంలో తూర్పు తీరపు మరబోట్లన్నీ రేవుల్లోనే ఉంటాయి. భారత 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలోనూ వారంటీని తు.చ. తప్పకుండా పాటించాలన్న 1906 నాటి సూత్రమే ఉంది.