మీకు తెలుసా? రికార్డు మీద పాట ఉన్నదున్నట్టు ఉండదు

ఎల్పీ రికార్డు మీద మంద్రధ్వనులను యథాతథంగా చెక్కితే, గాడి అటూ ఇటూ ఊగిపోయి పక్క గాడిలోకి దూసుకెళ్తుంది. అందుకే వాటిని తగ్గించి, గరగరను అణచడానికి పైస్థాయి ధ్వనులను పెంచి చెక్కుతారు. 1954 నాటి అమెరికా ఆర్‌ఐఏఏ ప్రమాణం ప్రకారం, 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెళ్ల కోత, 20,000 దగ్గర దాదాపు అంతే పెంపు!

దీన్ని తిరగేసి సరిచేసేది ఫోనో ప్రీయాంప్లిఫయర్. సూదిని పట్టుకుని ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చే ఏ 5 మిల్లీవోల్టుల సంకేతాన్నో పెంచేదీ అదే. అది లేకుండా టర్న్‌టేబుల్‌ను నేరుగా ఆంప్లిఫయర్‌కు కలిపితే పాట పీలగా వినిపిస్తుంది.

ఇక ఆ సంకేతాన్ని స్పీకర్లకు చేర్చే వాల్వు ఆంప్లిఫయర్ల సంగతి. చానల్‌కు ఒకే 300బి వాల్వు వాడే ఆంప్లిఫయర్ ఇచ్చేది 8 వాట్ల దాకానే. కాబట్టి ముందు స్పీకర్లను ఎంచుకోవడమే తెలివైన పని. ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 95 డెసిబెళ్లు పలికే స్పీకర్లుంటే ఆ 8 వాట్లతోనే హాలు మోగిపోతుంది.