ఒక్క కర్రా చివరిదాకా వెళ్లదు

శివరాత్రి దగ్గరపడేకొద్దీ నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్లలో, కర్రలతో ఎత్తుగా కట్టే ప్రభలు లేస్తాయి. కోటప్పకొండ తిరునాళ్లకు కదిలే పెద్ద ప్రభలు 80, 90 అడుగులుంటాయి. కొన్ని వందను అందుకుంటాయి. అలాగని వంద అడుగుల కర్రను ఎవరూ తెచ్చి నిలబెట్టరు. ఒక కర్ర అయిపోయే చోటుకు కాస్త కిందనుంచే ఇంకో కర్రను ఆనించి, బిగించి కట్టి, పైకి పోతారు. ఎత్తంతా ఆ కట్లలోనే ఉంది.

మన ఒంట్లో ఇదే పద్ధతిలో కట్టిన ప్రభలున్నాయి. నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న ఒక నాడీకణం కాలివేళ్ల కండరం దాకా చాచిన తీగను ఆక్సాన్ అంటారు. దాని పొడవు సుమారు 1 మీటరు, మందం మిల్లీమీటరులో వందో వంతుకు అటూఇటూ. అంత సన్నని తీగ నిలబడేది లోపలి ప్రొటీన్ కర్రల వల్ల. వాటిలో ముఖ్యమైనది మైక్రోట్యూబ్యూల్: 25 నానోమీటర్ల మందమున్న బోలు గొట్టం, అచ్చం వెదురు బొంగే. (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు.) ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ జంటలు, ఒక్కోటి 8 నానోమీటర్లు, వరసలుగా పేరుకుని, 13 వరసలు చుట్టూ చేరితే ఒక గొట్టం. మీటరు పొడవునా ఒక్క గొట్టపు లెక్క వేసినా 162 కోట్ల జంటలు కావాలి.

ఇవన్నీ కంటికి ఆనని అంకెలు. అందుకని ఆ గొట్టాన్ని మూడంగుళాల వెదురంత లావు చేశామనుకోండి. అదే కొలతలో ఆక్సాన్ 3,000 కిలోమీటర్లు సాగుతుంది, దాదాపు కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా. అందులో ఒక గొట్టం, ఎంత పొడుగుదైనా, కొన్ని వందల మీటర్లే. మిగతాదంతా పక్కపక్కన ఆనించిన అతుకులే.

కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ఈ కట్టడం లేచే తీరు ఇంకా చిత్రం. ఆక్సాన్ కొసన చేతివేళ్లలా తడుముకుంటూ వెళ్లే భాగాన్ని 1890లో రమోన్ ఇ కహాల్ గుర్తించాడు. ఆ వేళ్లలో ఉండేది యాక్టిన్, 7 నానోమీటర్ల సన్నని పోగు. అది దారి వెతికాక వెనక మైక్రోట్యూబ్యూల్స్ వచ్చి చేరతాయి. చేరినవి నిలకడగా ఉంటాయనుకోవద్దు. పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి కూలిపోయి, మళ్లీ మొదలవుతాయి. ఈ గుణాన్ని మిచిసన్, కిర్ష్‌నర్ 1984లో ప్రకటించారు. దారి తప్పిన చోట కట్టు విప్పుకోగలగడం ఇక్కడ లాభమే. ఆక్సాన్ గమ్యం చేరాక 10 నానోమీటర్ల న్యూరోఫిలమెంట్లు నిండి, తీగను లావు చేస్తాయి. లావైన తీగలో సంకేతం సెకనుకు 100 మీటర్లు దాటి పోగలదు.

కట్టు తాళ్ల పని చేసే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. ఆక్సాన్‌లో టావు అనేది గొట్టాల మధ్య 20 నానోమీటర్ల ఎడం ఉంచుతుంది. డబుల్‌కార్టిన్ అనేది మెదడు పైపొరకు వలసవెళ్లే కణాల గొట్టాలను గట్టిపరుస్తుంది. ఆ వలస గర్భంలో మూడో నెల నుంచి అయిదో నెల దాకా ముమ్మరం. డబుల్‌కార్టిన్ జన్యువు 1998లో తెలిసింది. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టి, చెడితే మగబిడ్డలకు దెబ్బ ఎక్కువ: మెదడు మడతలు లేకుండా నున్నగా ఉండిపోతుంది.

ఇక సరుకు సంగతి. ఆక్సాన్‌కు కావాల్సిన ప్రొటీన్లలో చాలా భాగం దాని మొదలు దగ్గర, కణం ఒంట్లోనే తయారవుతాయి. కైనెసిన్ అనే కూలీ ప్రొటీన్ ఆ సరుకును గొట్టం మీదుగా లాక్కెళుతుంది. అడుగుకు 8 నానోమీటర్లు, అడుగుకొక ఏటీపీ అణువు, అంటే కణానికి ఇంధనం, ఖర్చు. ఆ ఏటీపీ 1929లో బయటపడింది; జర్మనీలో లోమాన్‌తో పాటు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి దాన్ని కనుక్కున్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మీటరు దూరానికి 12.5 కోట్ల అడుగులు. ఒక కైనెసిన్ వంద అడుగులేసి పట్టు వదిలేస్తుంది, ఇంకోటి అందుకుంటుంది. కొండకు వెళ్లేవాళ్లు ‘చేదుకో కోటయ్యా’ అంటారు గదా, ఇక్కడ చేదే చేతులు లక్షలు.

వేగంగా పోయే సరుకు రోజుకు 400 మిల్లీమీటర్లు పోతుంది. కాలి కొసకు రెండున్నర రోజులు. ట్యూబ్యులిన్, న్యూరోఫిలమెంట్ల లాంటి కట్టుబడి సామాను మాత్రం రోజుకు మిల్లీమీటరు దాటడం అరుదు. అంటే వెయ్యి రోజులు!

ఈ గొట్టాలను దెబ్బతీసే మందులూ ఉన్నాయి: పెరట్లోని బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ ట్యూబ్యులిన్‌ను గొట్టం కట్టనివ్వదు. పిల్లల రక్త కేన్సర్‌లో కణ విభజనను అలాగే ఆపుతుంది. నరాలు విభజించుకోవు, అయినా వాటి గొట్టాలూ దెబ్బతింటాయి. తిమ్మిరి సాధారణంగా వేళ్ల కొసల్లో మొదలవుతుంది. పొడుగాటి తీగలకే ముందు ఇబ్బంది.

కొడవలి జారి మణికట్టు దగ్గర నరం తెగితే, కుట్టాక అది తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. వేలికొసకు 180 మిల్లీమీటర్లనుకుంటే ఆరు నెలలు. ఈలోగా డాక్టరు నరం దారి వెంట వేలితో తట్టి చూస్తారు. కరెంటు కొట్టినట్టు జివ్వుమన్న చోటు ఆక్సాన్ల కొత్త కొస. నెల తర్వాత మళ్లీ తడితే, ఆ చోటు ఒక అంగుళం ముందుకు జరిగి ఉంటుంది.